వీసా చేతికందినా.. టీకా లేకుంటే తరగతికి దూరమే

ఊళ్లో వేసిన టీకా అమెరికా వర్సిటీల లెక్కకు ఎందుకు రాదు?
విమానం ఎక్కేలోపు విద్యార్థులు పూర్తి చేయాల్సినవి ఇవే

ఖమ్మం: జీఆర్‌ఈ రాశారు. ఐ-20 వచ్చింది. బ్యాంకు రుణం మంజూరైంది. పాస్‌పోర్టులో వీసా ముద్ర కూడా పడింది. ఇక బట్టలు, ఆవకాయ సర్దుకోవడమే తరువాయి అనుకుంటున్న దశలో విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రం నుంచి ఓ ఈ-మెయిల్ వస్తుంది. టీకా వివరాలు అందలేదని, అవి అందే వరకు కోర్సుల నమోదును నిలిపివేస్తున్నామని దాని సారాంశం. ఎంఎస్ కోసం అమెరికా బయలుదేరే గ్రామీణ విద్యార్థుల్లో చాలామందికి ఇలాంటి నిబంధన ఒకటుందని తెలిసేది అప్పుడే.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602కు చేరింది. ఆ ఏడాది విదేశీ విద్యార్థుల సంఖ్యలో చైనాను దాటి భారత్ ప్రథమ స్థానంలో నిలిచింది. వీరిలో తెలుగువారి వాటా గణనీయమైనదన్నది విదితమే. కన్సల్టెన్సీలు బ్యాంకు నిల్వ పత్రాలు, వీసా ఇంటర్వ్యూలపై చూపే శ్రద్ధ టీకాల విషయంలో చూపడం అరుదు. దీంతో విద్యార్థి తన పుట్టుకనాటి కార్డు కోసం ఇంట్లోని ట్రంకు పెట్టెలు వెతుక్కోవాల్సి వస్తోంది.

నిబంధన ఎవరిది?

విద్యార్థి వీసాకు టీకాలతో నేరుగా సంబంధం లేదు. ఎఫ్-1 వీసా ఇచ్చేటప్పుడు కాన్సులేట్ సాధారణంగా టీకా పత్రాలు అడగదు. కొవిడ్ కాలంలో విదేశీ విమాన ప్రయాణికులకు విధించిన టీకా నిబంధనను సైతం అమెరికా 2023 మే నెలలో ఎత్తివేసింది. ప్రస్తుత నిబంధనలు ఆయా రాష్ట్రాల చట్టాల వల్ల, విశ్వవిద్యాలయాల సొంత నియమాల వల్ల వచ్చినవి. అందువల్ల ఇవి అన్నిచోట్లా ఒకేలా ఉండవు. మిత్రుడు చేరిన వర్సిటీలో అడగలేదని ఊరుకుంటే ఇబ్బంది తప్పదు.

న్యూయార్క్ రాష్ట్రాన్నే తీసుకుంటే, 1957 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టి, సెమిస్టర్‌కు ఆరు లేదా అంతకు మించి క్రెడిట్లు చదివే ప్రతి విద్యార్థీ తట్టుకు రెండు డోసులు, గవదబిళ్లలు, రుబెల్లాలకు ఒక్కో డోసు వేయించుకున్నట్లు రుజువు చూపాలి. చూపనివారిని 30 రోజులకు మించి తరగతులకు అనుమతించరాదని చట్టం చెబుతోంది. ప్రయత్నంలో ఉన్నామని చూపగలిగిన విదేశీ విద్యార్థులకు ఈ గడువును 45 రోజుల వరకు పెంచే వీలుంది. టెక్సాస్‌లో 22 ఏళ్లలోపు కొత్త విద్యార్థులు మెనింజైటిస్ టీకా తీసుకుని ఉండాలి. అది అయిదేళ్లలోపు వేసినదై ఉండటమే కాక, సెమిస్టర్ మొదలయ్యేందుకు కనీసం పది రోజుల ముందే పూర్తి కావాలి. బీటెక్ ముగించి 21 ఏళ్లకే బయలుదేరేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వ్యవస్థలో ఈ జాబితా ఇంకాస్త పెద్దది.

కోర్సుల నమోదు నిలిచిపోవడం చిన్న విషయం కాదు. ఎఫ్-1 విద్యార్థి పూర్తికాల చదువులో ఉండి తీరాలి. ప్రోగ్రాం ప్రారంభ తేదీ నుంచి 30 రోజుల్లోగా విద్యార్థి పేరును వర్సిటీ ప్రభుత్వ సెవిస్ వ్యవస్థలో నమోదు చేయాలి. కొన్ని వర్సిటీలు మొదటి సెమిస్టర్‌ను చూసీచూడనట్లు వదిలి రెండో సెమిస్టర్‌కు నమోదు ఆపుతాయి. మరికొన్ని మొదటి రోజే ఆపుతాయి. లక్షల రూపాయల అప్పుతో వెళ్లిన కుటుంబానికి ఈ తేడా ఎంత పెద్దదో చెప్పనక్కరలేదు.

తొమ్మిది నెలల టీకా లెక్కలోకి రాదు

అసలు చిక్కంతా ఎంఎంఆర్ దగ్గరే వస్తోంది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా ఈ మూడింటినీ నిరోధించే టీకా ఇది. దాదాపు అన్ని వర్సిటీలు దీన్నే ముందుగా అడుగుతాయి. రెండు డోసులు ఉండాలి. మొదటిది బిడ్డ మొదటి పుట్టినరోజు తర్వాత వేసినదై ఉండాలి. రెండింటి మధ్య కనీసం 28 రోజుల ఎడం ఉండాలి.

మన పల్లెల్లో జరిగింది వేరు. 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమం కింద ఏఎన్‌ఎంలు బిడ్డకు తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకా వేసేవారు. అది ఒకే డోసు, అందులోనూ తట్టుకు మాత్రమే. రెండో డోసు 2010 తర్వాతే కార్యక్రమంలోకి వచ్చింది. ఇప్పుడు ఎంఎస్‌కు వెళ్తున్న 2002-2005 మధ్య జన్మించినవారికి పసితనంలో అది అందే అవకాశం లేదు. ప్రైవేటు పిల్లల వైద్యుల వద్దకు వెళ్లిన పట్టణ కుటుంబాల బిడ్డలకు పదిహేనో నెలలో ఎంఎంఆర్ పడింది. సర్కారు ఉపకేంద్రాన్ని నమ్ముకున్న ఇళ్లలో పడలేదు.

ఇందులో ఏఎన్‌ఎంల తప్పేమీ లేదు. తట్టు సోకి పసిపిల్లలు చనిపోయే ముప్పు ఎక్కువగా ఉన్న దేశం కనుక ఇక్కడ తొమ్మిది నెలలకే వేయడం సరైన నిర్ణయం. అయితే ఆ వయసులో తల్లి నుంచి సంక్రమించిన రోగ నిరోధకాలు బిడ్డ రక్తంలో ఇంకా మిగిలి ఉంటే టీకా పూర్తిగా పనిచేయకపోవచ్చు. అందుకే ఏడాదిలోపు వేసిన డోసును అమెరికా లెక్కలోకి తీసుకోదు.

2017 ఆగస్టులో తెలుగు రాష్ట్రాల్లో తొమ్మిది నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ బడుల్లో మీజిల్స్-రుబెల్లా టీకాలు వేశారు. ఎడమ బొటనవేలికి సిరా గుర్తు పెట్టిన ఆ రోజు నేటి విద్యార్థుల్లో చాలామందికి జ్ఞాపకమే. ఏడు నుంచి పదో తరగతి వరకు చదువుతున్న వయసది. ఆ డోసు తట్టు, రుబెల్లాలకు చెల్లుతుంది. కాకపోతే అందులో గవదబిళ్లల మందు లేదు. పైగా అప్పట్లో ఇచ్చిన చీటీ చాలా ఇళ్లలో కనిపించదు. రుజువు లేని టీకా వర్సిటీ దృష్టిలో వేయని టీకాతో సమానం.

లెక్క తేలనప్పుడు తిరిగి రెండు ఎంఎంఆర్ డోసులు వేయించుకోవడమే దగ్గర దారి. ఇదివరకే వేయించుకున్నా, అదనపు డోసు వల్ల హాని లేదని వైద్యశాస్త్రం చెబుతోంది. గర్భిణులు, రోగ నిరోధక శక్తి బాగా తగ్గినవారు మాత్రం దీన్ని తీసుకోరాదు. టీకా తర్వాత నెల రోజుల పాటు గర్భధారణ వాయిదా వేసుకోవాలి. కొత్తగా పెళ్లయి వెళ్తున్న విద్యార్థినులు ఈ విషయాన్ని ముందే వైద్యులకు చెప్పాలి. సూది వద్దనుకునేవారు రక్తంలో నిరోధకాలను చూపే ఐజీజీ పరీక్ష చేయించుకోవచ్చు. మూడింటికీ పాజిటివ్ వస్తే చాలా వర్సిటీలు అంగీకరిస్తాయి. ఒక్కదానికి నెగెటివ్ వచ్చినా మళ్లీ టీకాయే గతి. అప్పటికి విలువైన వారం పది రోజులు గడిచిపోయి ఉంటాయి.

కాగా, పెద్దలకు ఎంఎంఆర్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దొరకదు. పట్టణంలోని ప్రైవేటు పిల్లల వైద్యుల వద్దే వేయించుకోవాలి. చంటిబిడ్డల తల్లుల మధ్య ఇరవై రెండేళ్ల ఇంజినీరు వరుసలో కూర్చోవడం కాస్త మొహమాటంగానే ఉన్నా ఖర్చు మాత్రం కొన్ని వందల రూపాయల్లోనే ముగుస్తుంది. అమెరికా చేరాక ఇదే పనికి డాలర్లలో చెల్లించాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే..

అమెరికాలో తట్టు స్థానిక వ్యాప్తిని నిర్మూలించినట్లు 2000లో ప్రకటించారు. అయినా 2025 జనవరిలో పశ్చిమ టెక్సాస్‌లో తట్టు మళ్లీ ప్రబలింది. ఆగస్టులో ముగిసినట్లు ప్రకటించే నాటికి ఆ రాష్ట్రంలో 762 కేసులు తేలాయి. ఇద్దరు చిన్నారులు మరణించారు. గవదబిళ్లల విషయంలో 2006 నాటి అనుభవం వర్సిటీలు మరువలేదు. అయోవా కేంద్రంగా పలు రాష్ట్రాలకు పాకిన ఆ వ్యాధి 6,500 మందికి పైగా సోకగా, వారిలో కళాశాల విద్యార్థులే ఎక్కువ. ఒకే గదిలో నలుగురు, ఒకే వంటింట్లో ఎనిమిది మంది ఉండే మన విద్యార్థుల బసలకు ఈ ముప్పు దగ్గరే. తట్టు సోకినవారితో మెలిగిన విద్యార్థి వద్ద టీకా రుజువు లేకపోతే 21 రోజుల వరకు ప్రాంగణానికి దూరంగా ఉంచుతారు.

బీసీజీ మచ్చ తెచ్చే తికమక

ప్రపంచంలోని క్షయ కేసుల్లో సుమారు నాలుగో వంతు భారత్‌లోనే ఉన్నాయి. అందుకే మన విద్యార్థులకు క్షయ పరీక్ష తప్పనిసరి చేసిన వర్సిటీలు అనేకం. ఇందులో రెండు పద్ధతులున్నాయి. ముంజేతి చర్మంలోకి మందు ఎక్కించి 48 నుంచి 72 గంటల మధ్య వాపును కొలిచే మాంటూ పరీక్ష ఒకటి. రక్తంతో చేసే ఇగ్రా పరీక్ష రెండోది.

పుట్టగానే ఎడమ భుజానికి వేసిన బీసీజీ టీకా కారణంగా క్షయ లేకున్నా మాంటూ పరీక్ష పాజిటివ్‌గా కనిపించే అవకాశం ఉంది. ఇగ్రాకు ఆ ఇబ్బంది లేదు. కనుక వర్సిటీ రెండింటినీ అంగీకరిస్తే రక్తపరీక్షే మేలు. జిల్లాల్లోని ల్యాబ్‌లు నమూనా సేకరించి నగరాలకు పంపడం పరిపాటి కాబట్టి ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుంది. కొన్ని వర్సిటీలు అమెరికాలో చేసిన పరీక్షనే ఒప్పుకుంటాయి. మరికొన్ని ఆరు నెలలు లేదా ఏడాది లోపు చేసినదైతే చాలంటాయి. డబ్బు కట్టే ముందు ఈ సంగతి చూసుకోవాలి.

మరో మెలిక ఉంది. ఎంఎంఆర్ వేసిన కొద్ది రోజులకే క్షయ పరీక్ష చేస్తే ఫలితం తప్పుగా నెగెటివ్ రావచ్చు. రెండూ ఒకే రోజు చేయించుకోవాలి. లేదంటే టీకా తర్వాత 28 రోజులు ఆగాలి.

పరీక్షలో పాజిటివ్ వస్తే చదువు అయిపోయినట్లేనని కుటుంబాలు బెంబేలెత్తుతుంటాయి. అది అపోహ. ఛాతీ ఎక్స్‌రే బాగుండి, దగ్గు, జ్వరం, బరువు తగ్గడం వంటి లక్షణాలు లేకుంటే దాన్ని నిద్రాణ క్షయగా పరిగణిస్తారు. అది ఇతరులకు సోకదు. ముందుజాగ్రత్తగా మూడు, నాలుగు నెలల మందులు సూచించవచ్చు. తరగతులకు వెళ్తూనే వాటిని వాడుకోవచ్చు. ఫలితాన్ని దాచిపెట్టడం మాత్రం మంచిది కాదు.

మిగిలినవి

ఆటలమ్మకు రెండు డోసులు, నాలుగు వారాల ఎడంతో అడుగుతారు. మన ఇళ్లలో అమ్మవారు పోసిందని వేపాకులు పరిచి చల్లబరచడమే తప్ప ఆసుపత్రికి వెళ్లే అలవాటు తక్కువ. కనుక చీటీ ఉండదు. ఐజీజీ పరీక్ష చేయిస్తే పాత వ్యాధి గుట్టు తెలుస్తుంది. దెబ్బ తగిలినప్పుడు వేయించుకున్న టీటీ సూది టీడాప్‌కు ప్రత్యామ్నాయం కాదు. టీడాప్‌లో ధనుర్వాతంతో పాటు కంఠసర్పి, కోరింత దగ్గు నిరోధకాలు కూడా ఉంటాయి. హెపటైటిస్-బి మూడు డోసులకు ఆరు నెలలు పడుతుంది కాబట్టి అడిగే వర్సిటీలకు వెళ్లేవారు ముందుగా మేల్కొనాలి. మెనింజైటిస్ టీకా ఖరీదు వేలల్లో ఉంటుంది. అది తమకు వర్తిస్తుందో లేదో తెలుసుకున్నాకే కొనాలి.

పేరు, తేదీ, ముద్ర

పాత కార్డు దొరికినా అందులో బిడ్డ పేరుండదు. తల్లి పేరు, ఆమె 'బేబీ' అని మాత్రమే రాసి ఉంటుంది. తొలికాన్పు పుట్టింట జరగడం మన ఆచారం కనుక ఆ కార్డు అమ్మమ్మగారి ఊరి ఉపకేంద్రానిది కావచ్చు. పాస్‌పోర్టులోని పేరు, ఇంటిపేరుతో సరిపోలని పత్రాన్ని వర్సిటీ తిరస్కరించే వీలుంది. వర్సిటీ సొంత ఫారాన్ని ఎంబీబీఎస్ లేదా ఆపై అర్హత గల వైద్యుడితో నింపించి, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర తీసుకోవాలి. ఆర్‌ఎంపీ సంతకం పనికిరాదు. తేదీల వద్ద మరీ జాగ్రత్త అవసరం. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. మనం ఏప్రిల్ 5 అనే అర్థంలో 05/04 అని రాస్తే వారు మే 4గా చదువుతారు. రెండు డోసుల మధ్య ఎడం కాగితంపై తారుమారైపోతుంది. నెల పేరును అక్షరాల్లో రాయించుకుంటే ఈ బెడద ఉండదు.

తెలిసిన వైద్యుడి చేత పాత తేదీలు వేయించుకుని గట్టెక్కాలని చూసేవారూ లేకపోలేదు. వేయని టీకా కాగితంపై ఉన్నంత మాత్రాన తట్టు ఆగదు. పైగా తప్పుడు పత్రమని తేలితే ప్రవేశానికే ఎసరు వస్తుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఆగస్టు మూడో వారంలో తరగతులు మొదలయ్యే విద్యార్థి జూన్ మొదటి వారంలో పని ప్రారంభిస్తే సరిపోతుంది. తొలిరోజే ఇగ్రాకు రక్తమిచ్చి, ఎంఎంఆర్, ఆటలమ్మ మొదటి డోసులు, టీడాప్ వేయించుకోవచ్చు. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలను ఒకే రోజు వేయాలి. కుదరకపోతే వాటి మధ్య 28 రోజుల ఎడం పాటించాలి. జులై మొదటి వారంలో రెండో డోసులు పూర్తవుతాయి. ఫారం అప్‌లోడ్ చేసి, వర్సిటీ పరిశీలించి తప్పులు చెబితే దిద్దుకోవడానికి ఇంకా నెల మిగులుతుంది. జనవరి సెమిస్టరు వారికి ఇదే లెక్క అక్టోబరు చివర మొదలవుతుంది. వీసా వచ్చాక చూద్దామని ఆగేవారే ఎక్కువగా చిక్కుల్లో పడుతున్నారు. వీసా రాకపోయినా ఈ టీకాలు వృథా కావు.

బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాలకు వెళ్లేవారి పరిస్థితి భిన్నం. అక్కడ ఆరోగ్య పరీక్ష వీసాలోనే భాగం. ఆరు నెలలకు మించి బ్రిటన్‌లో ఉండదలచిన భారతీయులు ఆ దేశ ప్రభుత్వం ఆమోదించిన క్లినిక్‌లోనే క్షయ పరీక్ష చేయించుకోవాలి. ఆ ధ్రువపత్రం ఆరు నెలలే చెల్లుతుంది. కెనడా, ఆస్ట్రేలియాలకు సైతం ఆయా ప్రభుత్వాలు గుర్తించిన వైద్యులే పరీక్షించాలి. జిల్లా కేంద్రంలో తీయించిన ఎక్స్‌రే ఎంత స్పష్టంగా ఉన్నా అక్కడ చెల్లదు కాబట్టి హైదరాబాద్ వంటి నగరాల్లోని గుర్తింపు కేంద్రాల్లో ముందుగా సమయం తీసుకుని వెళ్లాల్సి ఉంటుంది. వెళ్లేటప్పుడు ఒరిజినల్ పాస్‌పోర్టు వెంట ఉండాలి.