జొన్నరొట్టె ధర (జీవన వ్యయ సూచిక)

జొన్నరొట్టె ధర తెలంగాణ పడమటి అంచున ఉన్న వికారాబాద్, తాండూరు పట్టణాల్లో జీవన వ్యయాన్ని అంచనా వేయడానికి పనికివచ్చే స్థానిక కొలమానం. ఇది అధికారిక సూచీ కాదు. అయినా కూలి డబ్బుతో గడిచే ఇంటి ఖర్చును ఇది దగ్గరగా చూపుతుంది. దీనికి తోడుగా చూడవలసిన సరుకు కందిపప్పు.

ప్రాంతం, పంటలు

వికారాబాద్ జిల్లా ప్రధానంగా రంగారెడ్డి జిల్లా నుంచి విడివడి 2016 అక్టోబరు 11న ఏర్పడింది. తాండూరు సరిహద్దు దాటితే కర్ణాటకలోని సేడం, చించోళి, కలబురగి వరకూ జొన్నరొట్టె తినే నేలే. ఇక్కడి నల్లరేగడిలో వానకాలం కంది, యాసంగిలో జొన్న పండుతాయి. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. దానికోసం దరఖాస్తు చేసింది యాలాల రైతు ఉత్పత్తిదారుల సంస్థ. సేద్యం తర్వాత నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లే ఎందరికో కూలి చూపుతున్నాయి.

బియ్యం ఎందుకు సరిపోదు

1983లో మొదలైన కిలో రెండు రూపాయల పథకం నుంచి పేదల బియ్యం ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తోంది. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో రేషన్ కార్డుపై మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. ఆకలి తీర్చడంలో ఈ బియ్యం విలువ చాలా గొప్పది. కానీ ఉచితంగా వచ్చే సరుకు బజారు ధరల హెచ్చుతగ్గులను చెప్పదు. జొన్నలు, కందిపప్పు బజారులో కొనవలసినవే.

ధరలో ఏముంది

అమ్మే రొట్టెలో జొన్నల ధరతో పాటు గిర్నీలో పిండి పట్టించే ఖర్చు, పొయ్యికి కట్టెలు లేదా గ్యాస్, రొట్టెలు చేసే మహిళ కష్టం కలిసి ఉంటాయి. తిండి గింజ, ఇంధనం, కూలి మూడూ ఒకే ధరలో కనబడతాయి. 2025–26లో హైబ్రిడ్ జొన్న మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు, కందిది 8,000 రూపాయలు. అంతకు ముందటి ఏడాది ఇవి 3,371, 7,550 రూపాయలు. మద్దతు ధరకూ కంచంలోని రొట్టె ధరకూ మధ్య ఎంత తేడా ఉందో చూస్తే మధ్యలో చేరిన ఖర్చులు తెలుస్తాయి.

కొలిచే పద్ధతి

రొట్టెను లెక్కతో కాక బరువుతో కొలవాలి. ధర మార్చకుండా రొట్టె పలుచన చేయడం అమ్మేవారికి సులువు. 100 గ్రాముల రొట్టె అదే ధరకు 80 గ్రాములైతే అసలు ధర 25 శాతం పెరిగినట్టే. 13వ శతాబ్దపు ఇంగ్లండ్ చట్టం ఈ సంగతిని గుర్తించి, గోధుమ ధరను బట్టి రొట్టె బరువును మార్చేది. అందుకే ప్రతి నెలా అదే వారం, అవే అంగళ్లలో తూచి రాసుకోవాలి. ఒక రోజు కూలికి ఎన్ని కిలోల రొట్టె వస్తుందో లెక్కిస్తే ధరల భారం తేలుతుంది.

రుతువును కూడా గమనించాలి. కొత్త కంది డిసెంబరు, జనవరి నెలల్లోనూ, యాసంగి జొన్న ఫిబ్రవరి, మార్చిలోనూ మార్కెట్ యార్డుకు వస్తాయి. పంట వచ్చే నెలల ధర మిగతా నెలల ధరతో పోల్చదగినది కాదు. కాబట్టి ఈ నెల ధరను నిరుడు ఇదే నెల ధరతో పోల్చాలి.

అధికారిక లెక్కలు

జాతీయ గణాంక కార్యాలయం వినియోగదారుల ధరల సూచీని దేశానికి, రాష్ట్రాలకు ప్రకటిస్తుంది. పట్టణాలవారీగా ఇవ్వదు. 2012 ఆధార సంవత్సరపు అఖిల భారత సూచీలో తిండి, పానీయాల వాటా 45.86 శాతం కాగా, అందులో ధాన్యాలది 9.67, పప్పులది 2.38 శాతంగా ఉండేది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రోజూ ధరలు గమనించే సరుకుల సంఖ్య 2024 ఆగస్టులో 22 నుంచి 38కి పెరిగింది. అప్పుడే జొన్న కూడా ఆ జాబితాలో చేరింది. 2019–20 ఆర్థిక సర్వే భోజనం ధరనే ఒక అధ్యాయంగా పరిశీలించింది.

పరిమితులు

ఇంటి అద్దె, చదువు, వైద్యం ఖర్చులు రొట్టె ధరలో కనబడవు. కందిపప్పు ధరను స్థానిక పంట ఒక్కటే నిర్ణయించదు. దేశమంతటి గిరాకీ, మయన్మార్, మొజాంబిక్ దిగుమతులు దానిని కదిలిస్తాయి. 2015 అక్టోబరులో దేశంలో పలుచోట్ల కిలో కందిపప్పు 200 రూపాయలకు చేరింది. ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండి వాటా పెరుగుతుందని గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో చూపాడు. రొట్టె, పప్పు ధరలు పెరిగినప్పుడు ముందుగా కుంగేది గనుల్లో, పొలాల్లో రోజుకూలి చేసుకునే ఇళ్లే. వారి ఊరి లెక్క రాష్ట్ర సగటులో కలిసిపోకుండా విడిగా నిలవాలి.