మున్నారు కొండలలో స్త్రీల సమ్మె

ప్రతి ఉదయమును మన ఇండ్లలో తేనీరు కాగుచుండును. ఆ ఆకును గిల్లు చేతులను గురించి మనము తలంచుట అరుదు. కేరళ రాష్ట్రమున ఇడుక్కి జిల్లాలోని మున్నారులో 2015 సెప్టెంబరు మాసమున ఆకు గిల్లు స్త్రీలు పని మాని తొమ్మిది దినములు రహదారిపై కూర్చుండిరి. వారిలో అధికసంఖ్యాకులు తమిళము మాటలాడు దళితులు.

1877లో జాన్ మన్రో అను ఆంగ్లేయుడు పూంజారు ప్రభువునుండి ఈ కొండలను కౌలుకు పొందెను. పిదప తేయాకు తోటలు వెలసెను. కంగాణీలను మేస్త్రీలు ముందుగా అప్పిచ్చి, తిరునల్వేలి మొదలగు సీమలనుండి కూలీలను తోడ్కొని వచ్చిరి. వచ్చినవారు పళ్ళర్, పరైయర్, అరుంధతీయ కులములవారు. అరుంధతీయులలో తెలుగు ఇంటిభాషగా గలవారు తమిళదేశమున అనేకులుండుటచే, ఈ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

తోటలో ఆకు గిల్లుట స్త్రీల వంతు. జలగలు, వాన, ఏటవాలు నేల; వీటి నడుమ 2015 నాటికి దినమునకు 21 కిలోలు గిల్లిననే కూలి ముట్టుచుండెను. కాపురము 'లయములు' అనబడు కూలిలైన్లలో. ఒక గది, దానిని అంటియొక వంటచోటు. పని విరమించిననాడు ఆ ఇల్లు విడువవలెను. బిడ్డలలో ఒకరు అదే తోటలో చేరినచో నిలుపుకొనవచ్చును. ఒక తరమునుండి మరియొక తరమునకు గంప చేతులు మారుటకు ఈ కట్టుబాటు ఎంత కారణమో శ్రోతలే ఊహింపగలరు.

అచ్చట కార్మికసంఘములు లేకపోలేదు. 1958 సమ్మెలో పోలీసు కాల్పులకు బలియైన ఇరువురిలో ఒకరు స్త్రీ. అయినను సంఘముల పెద్దరికము పురుషుల చేతిలోనే మిగిలెను. 2005లో టాటా వారు తప్పుకొనగా కణ్ణన్ దేవన్ హిల్స్ ప్లాంటేషన్స్ కంపెనీ ఏర్పడి, కార్మికులకును వాటాలు పంచిపెట్టిరి. కాగితముమీద వారు యజమానులే! కూలి మాత్రము 2015 నాటికి దినమునకు 232 రూపాయలు.

ఆ యేడు లాభము తగ్గెనని కంపెనీ బోనసును 20 శాతమునుండి 10 శాతమునకు దింపెను. పిల్లల చదువుకును, పాత అప్పులకును ఆ సొమ్మునే నమ్ముకొన్న స్త్రీలు తోటలు దిగి పట్టణమునకు వచ్చిరి. కొచ్చినుండి ధనుష్కోటికి పోవు జాతీయ రహదారి నిలిచిపోయెను. సుమారు ఆరువేలమంది కూడిరని నాటి పత్రికలు వ్రాసినవి. సంఘనాయకులు కంపెనీ మెప్పు పొంది తమను మరచిరని వారి ఆరోపణ. కావున ఏ జెండానైనను దగ్గరకు రానీయరైరి. సంఘ కార్యాలయములపై దాడియు జరిగెను. తమ ఇంటి మగవారినే దూరముగా నిలిపిరి. తమ ఐక్యతకు వారిడిన పేరు 'పెంబిళై ఒరుమై', అనగా ఆడువారి ఐకమత్యము. లిస్సీ సన్నీ, గోమతి, ఇంద్రాణి మొదలగువారు ముందు నిలిచిరి.

సెప్టెంబరు 13వ తేదీన ప్రతిపక్షనాయకుడు అచ్యుతానందన్, తొంబది దాటిన వృద్ధుడు, వచ్చి వారితో కూర్చుండెను. వారు ఆయనను ఆదరించిరి. నాయకులందరిపైన వారికి ద్వేషము లేదనుటకు ఇదియే సాక్ష్యమని మా తలంపు. ఆ రాత్రియే ఒప్పందము కుదిరెను. బోనసు 8.33 శాతము, దానిపై 11.67 శాతము అనుగ్రహధనము. చట్టము విధించు కనీసపు బోనసు 8.33 శాతమే. కంపెనీ తన మాట నిలుపుకొనెను, స్త్రీలు తమ 20 శాతమును తీసికొనిరి.

వారు కోరిన 500 రూపాయల కూలి మాత్రము రాలేదు. మరల సమ్మె సాగి, అక్టోబరులో 301 రూపాయలు నిర్ణయమయ్యెను. నవంబరు స్థానిక ఎన్నికలలో పెంబిళై ఒరుమై తరపున నిలిచిన గోమతి దేవికుళం బ్లాకు పంచాయతీకి ఎన్నికయ్యెను. అంతలోనే ఐక్యతలో చీలికలు వచ్చినవి. పాత సంఘములు మరల బలము పుంజుకొనెను.

మంచి ఇండ్లు కావలెనని కూడ ఆ స్త్రీలు 2015లోనే కోరియుండిరి. 2020 ఆగస్టు 6వ తేదీ రాత్రి పెట్టిముడి వద్ద కొండచరియ విరిగి లయములపై పడగా 70 మంది గల్లంతైరి. 66 శవములు లభించెను. పరామర్శకు ముఖ్యమంత్రి మున్నారు వచ్చినపుడు, కార్మికులకు భూమియు ఇండ్లును ఇయ్యవలెనని గోమతి ఆయన దారికి అడ్డముగా కూర్చుండెను. పోలీసులు ఆమెను అరెస్టు చేసిరి.