వలందావారి పచ్చడి

నేడు నేను రాజుల చరిత్రము గాని యుద్ధముల చరిత్రము గాని చెప్పబూనలేదు. ఒక పచ్చడి చరిత్రము చెప్పెదను. పచ్చడికి చరిత్ర యేమని మీలో కొందరు నవ్వవచ్చును. మన యావకాయలోని మిరపకాయ పోర్చుగీసువారి యోడలలో మన దేశమునకు వచ్చి సుమారు ఐదువందల యేండ్లు మాత్రమే యైనదని తలచుకొన్నచో ఆ నవ్వు కొంత తగ్గును.

కొన్నియేండ్ల క్రిందట నేను అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున నా కుమార్తె యింట నాలుగు మాసము లుంటిని. జూలై 4వ తేది ఆ దేశస్థులకు పెద్ద పండుగ. 1776లో వారు స్వాతంత్ర్యము ప్రకటించుకొన్న దినమది. ఆనాడు ఇరుగుపొరుగువారు పెరటిలో ఇనుపపొయ్యి యుంచి, బొగ్గులు రాజేసి, ఆరుబయట వండుకొని కలిసి తిందురు. దానిని కుకవుట్ అందురు. మన కార్తిక వనభోజనముల వంటిదే; ఉసిరిచెట్టు మాత్రము లేదు.

పొయ్యిమీద కాలునవి యన్నియు మాంసములే యగుటచే నేనొక మూల కుర్చీ వేసికొని కూర్చుంటిని. పొరుగింటి వృద్ధురా లొకతె చిన్న గాజుపాత్రలో నేదియో తెల్లని పచ్చడి తెచ్చి, నా చేతికిచ్చి, చిరునవ్వు నవ్వి వెళ్లెను. సన్నగా తరిగిన క్యాబేజీ, నడుమ నడుమ ఎఱ్ఱని క్యారెట్టు తురుము, పైన మీగడవలె చిక్కని ద్రవము. దీని పేరు కోల్‌స్లా. ఇందు కోడిగ్రుడ్డు కలియునని నేనదివఱకే వినియుంటిని. అడుగనైన నడుగక, తలయూపి పాత్రను బల్లపై బెట్టి, మరల దానివంక చూడనైతిని.

ఆ సాయంకాలము నా కుమార్తె, "నాన్నగారూ, మీరు గ్రుడ్డు తినరని నేనే ఆమెతో నంటిని. మీకొఱకే ఆమె పెరుగుతో వేరుగా కలిపి తెచ్చినది" అని చెప్పినది. ఆ మాట వినగానే నాకు కలిగిన సిగ్గు ఇంతంత కాదు. నా యింటికి వచ్చిన యతిథి, నేను వాని నియమ మెఱిగి చేయించిన పులుసును ముట్టక లేచిపోయినచో నేనేమనుకొందును? తొమ్మిదేండ్ల నా మనుమడు ప్రక్కనుండి, "తాతగారూ, అది కూడ పచ్చడియే గదా!" యని యనెను. వానికి తెలుగు అంతంతమాత్రము. వానికి వచ్చిన తెలుగు మాటలలో సగము తిండిపేర్లే. అయినను వాడు చెప్పినది నిజము. పెరుగుతో కలిపిన పచ్చికూరను మనము పెరుగుపచ్చడి యనక మఱేమందుము?

ఆ సిగ్గే నన్ను ఈ పచ్చడి పుట్టుపూర్వోత్తరములు వెదకునట్లు చేసినది.

కోల్‌స్లా యనునది ఆంగ్లపు మాట కాదు. అది డచ్చిభాష. ఆ భాషలో కూల్ అనగా క్యాబేజీ. స్లా యనునది సలాదె యను మాటకు కుఱుచరూపము. అనగా పచ్చికూరల కలగలుపు. రెండును కలిపి కూల్‌స్లా యైనది. డచ్చివారన నెవరో యని మీరనుకొనవలదు. వారు మన యెఱిగినవారే. మన పూర్వులు వారిని వలందావా రనిరి. 17వ శతాబ్ది ఆరంభముననే వారు మచిలీపట్టణమున వర్తకశాల పెట్టి కలంకారీ వస్త్రములను, నూలుబట్టలను కొని ఓడల కెక్కించుచుండిరి. ఆ పట్టణమున వలందపాలెమను పేట నేటికిని కలదు. భీమునిపట్టణమున వారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. మన తీరమున బట్టలు కొన్న జాతివారే, ఆ శతాబ్దముననే, వేఱొక కంపెనీ పేర అట్లాంటిక్ సముద్రము దాటి, 1624లో అమెరికాలో వలస నెలకొల్పిరి. హడ్సన్ నదీముఖమున వారు కట్టిన యూరికి న్యూ ఆంస్టర్‌డామ్ అని పేరిడిరి. మన తీరమునకు వారు బేరమునకు మాత్రమే వచ్చిరి. అచ్చట ఆలుబిడ్డలతో, విత్తనములతో దిగిరి. ఆ విత్తనములే మన కథకు మూలము.

క్యాబేజీ వారు కనిపెట్టినది కాదు. క్రీస్తుకు పూర్వము 160 ప్రాంతమున రోమునగరపు పెద్ద కేటో తన వ్యవసాయ గ్రంథమున క్యాబేజీజాతి కూరను ఆకాశమున కెత్తినాడు. విందున నెక్కువ త్రాగి తినదలచినవాడు ముందుగా పచ్చి క్యాబేజీని పులుసుకాడిలో ముంచి తినవలెనని ఆయన యుపదేశము. ఆనాటిది విడియాకుల కూర. ఆకులన్నియు ముడుచుకొని గట్టి గడ్డవలె నగు రకము తరువాతి కాలమున ఉత్తర ఐరోపాయందు వృద్ధియైనది. మంచు కురియు దేశములలో ఆఱునెలలు పచ్చనాకు కనబడదు. క్యాబేజీ గడ్డను నేలమాళిగలో దాచినచో శీతకాలమంతయు నిలుచును. అందుచే అది వారికి రుచికొఱకైన కూర కాదు, ప్రాణము నిలుపు కూర.

1664లో ఆంగ్లేయుల యోడలు వచ్చి నిలువగా, న్యూ ఆంస్టర్‌డామ్ పట్టణము రక్తపాతము లేకయే వారి వశమైనది. దాని పేరు న్యూయార్కు అని మారెను. పతాకము మారెను, శాసనములు మారెను. వంటయిల్లు మాత్రము మారలేదు.

దీనికి సాక్షి యొకడు కలడు. పేర్ కాల్మ్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు, స్వీడను దేశపు లిన్నేయసు శిష్యుడు, మొక్కలను పరిశీలించుటకై అమెరికా వచ్చి 1749లో ఆల్బనీ పట్టణమున బస చేసెను. ఆంగ్లేయుల యేలుబడి వచ్చి 85 ఏండ్లయినను ఆ యూరివారు ఇండ్లలో డచ్చియే మాట్లాడుచుండిరి. గుడిలో డచ్చియే వినుచుండిరి. ఆయన బస చేసిన యింటి యిల్లాలు ఒకనాడు క్యాబేజీ లోపలి యాకులను సన్నని పేలికలుగా తరిగి, నూనె, వినిగరు, ఉప్పు, మిరియపుపొడి చేర్చి కలిపి పెట్టెను. ఆయన దాని రుచిని మెచ్చుకొని, నూనెకు మాఱుగా కరగిన వెన్నయు పోయుదురని తన దినచర్యలో వ్రాసికొనెను. గొప్పవారి విందులు వ్రాసినవారు పెక్కుమంది. ఒక యిల్లాలు సామాన్యముగా చేసిన కూరను చూచి వ్రాసినవా డరుదు. అందుచే ఆ శాస్త్రజ్ఞునిపై నాకు గౌరవము హెచ్చినది.

1796లో అమేలియా సిమ్మన్స్ అను నామె హార్టుఫర్డునగరమున అమెరికావారి వంట పుస్తకము నొకదానిని ప్రకటించెను. అమెరికనులు తమకని వ్రాసికొన్న తొలి వంటపుస్తకముగ దానిని చెప్పుదురు. అందు క్యాబేజీ రకములను వివరించుచు స్లా యను మాటను ఆమె వాడినది. డచ్చిమాట ఆంగ్లములో కలిసిపోయిన దనుట కిది నిదర్శనము. కాని ఆంగ్లేయులకు కూల్ అను శబ్దమున కర్థము తెలియదు. వినుటకు కోల్డ్ అన్నట్లుండెను. కోల్డ్ అనగా చల్లనిది. ఇంక నేమి, దానిని చల్లని స్లా యని పిలువసాగిరి. చల్లనిది యుండగా వేడిది యేల యుండరాదని, కాచిన పులుసు పోసి వేడి స్లాయను వంటకమునుగూడ కల్పించిరి! చెవి తప్పుగా వినుటచే నొక క్రొత్త కూర పుట్టుట నేను మఱెచ్చటను వినలేదు.

ఆ డచ్చిభాష యేమైనదని మీరడుగవచ్చును. హడ్సన్ లోయయందును, నా కుమార్తె యున్న న్యూజెర్సీయందును అది ఇంచుమించు రెండువందల యేండ్లు ఇండ్లలో బ్రదికెను. 1837లో అమెరికా యధ్యక్షుడైన మార్టిన్ వాన్ బ్యూరెను మాతృభాష డచ్చియే. ఆంగ్లము తరువాత నేర్చెను. తరము వెంట తరము పిల్లలు బడిలో ఆంగ్లము చదివిరి, అంగడిలో ఆంగ్లము పలికిరి, తుదకు తల్లితోడను ఆంగ్లమే పలికిరి. నేడు మిగిలినవి కొన్ని యూళ్ల పేర్లు, కొన్ని మాటలు. బ్రూక్లిన్, హార్లెమ్ అనునవి డచ్చిపేర్లు. అందఱు వాడు బాస్ అను మాట డచ్చిది. కుకీ యను బిస్కత్తు డచ్చిది. ఈ జాబితాలో సగము తిండిపేర్లే యని గమనించినప్పుడు నాకు మా మనుమడు జ్ఞప్తికి వచ్చి, పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని.

ఇంక ఈ పచ్చడికి తెల్లని చిక్కదన మెట్లు వచ్చినదో చెప్పవలెను. ఆల్బనీ యిల్లాలు పోసినది ఉత్త నూనెపులుసు. 19వ శతాబ్దిలో గ్రుడ్లు, వెన్న, ఆవపిండి, వినిగరు కలిపి కాచిన పులుసు వాడుకలోనికి వచ్చెను. తరువాత మయొనైజు వచ్చెను. ఇది ఫ్రెంచివారిది. 1756లో వారు మినోర్కా ద్వీపపు మహోన్ రేవును పట్టుకొన్నప్పుడు పుట్టినదని యొక కథ కలదు గాని, అది కథయే. నూనెయు పులుసును కలియవని మన మెఱుగుదుము. గ్రుడ్డు పచ్చసొనయందు లెసితిన్ అను పదార్థ మొకటి కలదు. పచ్చసొనలో నూనెను చుక్కచుక్కగా పోయుచు గిలకొట్టినచో, నూనె కంటికి కనబడని బిందువులుగా విడిపోవును; ఆ పదార్థము ప్రతి బిందువును చుట్టుకొని మరల నొకటితో నొకటి కలియనీయదు. అంతట నది వెన్నవలె చిక్కబడును. తొందరపడి నూనె గుప్పించినచో విఱిగిపోవును. కనుక పూర్వము ఇది తీరికయు ఓపికయు గల వంటవారి పని.

రిచర్డ్ హెల్మన్ అను జర్మను వలసవాడు 1905లో న్యూయార్కునగరమున తినుబండారముల యంగడి తెఱచి, భార్యతో చేయు మయొనైజును అమ్మి, అది నచ్చినవా రెక్కువ కాగా 1912లో సీసాల కెత్తి అమ్మసాగెను. సీసా యింటింటికి వచ్చిన పిదప కోల్‌స్లా పావుగంటలో నగు పచ్చడి యైనది. రెండవ ప్రపంచయుద్ధానంతరము నగరముల వెలుపల పెరడుగల యిండ్లు వేలకొలది లేచెను. 1952లో షికాగో ప్రాంతమున జార్జి స్టీఫెను అను లోహపు పనివాడు, నీటిపై తేలు గుర్తుగా నుంచెడు ఇనుపగుండును సగమునకు కోసి మూతగల బొగ్గులపొయ్యి నొకటి చేసెను. పెరటివిందులకు కావలసిన సామగ్రి యంతయు సిద్ధమైనది. కాలిన మాంసపు కారమునకు, కొవ్వునకు ఈ చల్లని పుల్లని పచ్చడి విఱుగుడు. మనము ఆవకాయన్నము పిదప పెరుగన్నము తినునట్లే.

రైతులైన మీకు ముఖ్యముగా చెప్పవలసిన దొకటి కలదు. 1981లో కెనడా తూర్పుతీరమున నోవా స్కోషియా ప్రాంతములో ఒక జాడ్యము పొడసూపెను. 41 మందికి వచ్చెను. అందు 34 గర్భవతులకు, పసికందులకు సంబంధించినవి. గర్భములు పోయెను, పుట్టిన శిశువులు చచ్చిరి. కారణమును వెదకిన వైద్యులు తుదకు కోల్‌స్లాకడ నిలిచిరి. ఆ క్యాబేజీని పండించిన చేనికి గొఱ్ఱెల పచ్చిపెంటను ఎరువుగా వేసియుండిరి. ఆ మందలో లిస్టీరియా యను క్రిమివలన వచ్చు రోగముండెను. పంటను శీతకాలమంతయు చల్లని కొట్టులో నుంచిరి. తక్కిన క్రిములలో పెక్కు చలికి ఎదుగవు. ఇది చలిలోను పెరుగును. పచ్చిగా తినుటచే నిప్పు దానిని చంపలేదు. ఈ జాడ్యము ఆహారముద్వారా వచ్చునని స్పష్టముగా రుజువైనది అప్పుడే. మనవైపు చేలలో గొఱ్ఱెలమంద కట్టించుట పూర్వాచారము. దానిని నేను తప్పుపట్టను. వరికి, జొన్నకు భయము లేదు, వానిని వండి తిందుము. పచ్చిగా తిను కూరల మడికి మాత్రము బాగుగా మాగి మన్నైన పెంటయే వేయవలెను.

మరుసటి యేడు మరల వెళ్లినప్పుడు ఆ వృద్ధురాలి యింటికి నేనే పోయి, కుమార్తె మాట మార్చి చెప్పుచుండగా క్షమాపణ వేడుకొంటిని. ఆమెకు ఆ సంగతియే జ్ఞప్తి లేదట! ఉండెనో, లేదనుట మర్యాదయో నాకు తెలియదు. చేయు విధానమును మాత్రము సంతోషముతో చెప్పెను. ఆమె తెలిపిన కొలతలనే మీకు చెప్పుచున్నాను.

కిలో తూగు గట్టి క్యాబేజీ నొకదానిని తీసికొని, పై యాకులు రెండు మూడు తీసివైచి, కడిగి, కత్తిపీటపై వెండ్రుకలవలె సన్నగా తరుగవలెను. రెండు క్యారెట్లు కోరవలెను. చెంచాడు ఉప్పు చల్లి అరగంట యుంచి, ఊరిన నీటిని పిండివేయవలెను. ఈ పని మానినచో పచ్చడి పలుచనై పాడగును. ఒక గిన్నెడు మయొనైజు, లేక గుడ్డలో మూటగట్టి నీరు వార్చిన గట్టి పెరుగు గిన్నెడు. రెండు చెంచాల వినిగరు, హైదరాబాదువారు దీనిని సిర్కా యందురు. పెరుగు పుల్లనైనచో ఇది యక్కఱలేదు. రెండు చిన్న చెంచాల పంచదార, ఒక చిన్న చెంచా ఆవపిండి, అర చెంచా మిరియపుపొడి. ఇవి ముందుగా కలిపి, పిదప కూరలో కలపవలెను. మండుటెండలో గంటకు మించి బయట నుంచరాదు. మా యింట ఇప్పుడు వేసవిలో దీనిని వారమున కొకసారియైన చేయుచున్నారు. తద్దినమునకు మాత్రము కాదు. క్యాబేజీ సీమకూర యని మా పురోహితు డొప్పుకొనడు. సెలవు.