చిట్టెలుక గుండె – పునఃప్రసరణ గాయం: ఒక ప్రయోగ నమూనా చరిత్ర

ఉపోద్ఘాతం

గుండెపోటులో మూసుకుపోయిన హృదయ ధమనిని తెరిచి రక్తాన్ని మళ్ళీ ప్రవహింపజేయడం నేటి ప్రధాన చికిత్స. అయితే తిరిగి వచ్చిన ఆ రక్తమే హృదయ కండరానికి మరికొంత హాని చేస్తుంది. దీనిని పునఃప్రసరణ గాయం అంటారు. ఈ గాయంపై జరిగిన పరిశోధనలోకి చిట్టెలుక గుండె ఎందుకు ప్రవేశించింది, అది ఏ ప్రశ్నకు సమాధానమిచ్చింది, దేనికి ఇవ్వలేకపోయింది అనే అంశాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

చిట్టెలుకకు పూర్వం

1895లో జర్మనీలోని రోస్టాక్‌లో ఆస్కర్ లాంగెండార్ఫ్ క్షీరదాల గుండెను శరీరం నుండి వేరుచేసి, బృహద్ధమనిలోకి వెనుకవైపుగా ద్రవాన్ని పంపి, గంటల తరబడి కొట్టుకునేలా చేశాడు. ఆ ఒత్తిడికి బృహద్ధమని కవాటం మూసుకోగా ద్రవం హృదయ ధమనులలోకి చేరుతుంది. ప్రవాహాన్ని ఆపడం, తిరిగి వదలడం దీనితో పరిశోధకుని అధీనంలోకి వచ్చాయి.

1960లో రాబర్ట్ జెన్నింగ్స్ బృందం కుక్కల హృదయ ధమనిని కొంతసేపు బంధించి, విడిచి, తత్ఫలితమైన కండరనాశాన్ని వర్ణించింది. 1973లో డేవిడ్ హెర్స్, అతని సహచరులు పెద్ద ఎలుకల గుండెకు ఆక్సిజన్ తిరిగి అందగానే కణాలలోని ఎంజైములు ఒక్కసారిగా వెలువడతాయని చూపారు. 1986లో మర్రీ, జెన్నింగ్స్, రైమర్ కుక్క గుండెకు ఐదేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు రక్తాన్ని ఆపి, ఆపై 40 నిమిషాలు ఆపినప్పుడు, కండరనాశం సాధారణంగా జరిగేదానిలో నాలుగోవంతుకు తగ్గిందని ప్రకటించారు. గుండెకు ఆత్మరక్షణశక్తి ఉందని తేలింది. అది ఏ ప్రోటీన్ల పని అన్నది మాత్రం తేలలేదు.

చిట్టెలుక ప్రవేశం

చిట్టెలుక గుండె బరువు గ్రాములో పదోవంతుకు కాస్త అటూఇటూగా ఉంటుంది. నిమిషానికి సుమారు 500 నుండి 600 సార్లు కొట్టుకుంటుంది. మానవ హృదయంతో పోలిక తక్కువ, శస్త్రక్రియ కష్టం. అయినా దానిని ఎంచుకోవడానికి కారణం జన్యుశాస్త్రం. 1980ల చివరినాటికి కోరిన జన్యువును నిర్వీర్యం చేసి చిట్టెలుకలను పెంచడం సాధ్యమైంది. ఈ కృషికి కపెకీ, ఎవాన్స్, స్మిథీస్‌లకు 2007లో నోబెల్ బహుమతి లభించింది. సజీవ చిట్టెలుకలో హృదయ ధమనిని బంధించి విడిచే నమూనాను లాయిడ్ మైకేల్ బృందం 1995లో ప్రచురించింది.

ఫలితం, పరిమితి

పునఃప్రసరణ జరిగినప్పుడు మైటోకాండ్రియా పొరలో ఒక రంధ్రం తెరుచుకుని కణం శక్తిని కోల్పోతుంది. ఆ రంధ్రాన్ని నియంత్రించే సైక్లోఫిలిన్-డి అనే ప్రోటీన్ లోపించిన చిట్టెలుకలలో కండరనాశం బాగా తగ్గిందని 2005లో రెండు బృందాలు వేర్వేరుగా నిరూపించాయి. ఈ ప్రోటీన్‌ను అడ్డగించే సైక్లోస్పోరిన్ అప్పటికే వాడుకలో ఉన్న ఔషధం. 2008లో ఫ్రాన్స్‌లో 58 మంది రోగులపై జరిగిన పరీక్ష ఆశాజనకంగా కనిపించింది. కాని 2015లో వెలువడిన, 970 మందితో జరిగిన పరీక్షలో ఏడాది గడిచాక కూడా ఏ ప్రయోజనమూ కానరాలేదు.

ప్రయోగశాలలోని చిట్టెలుక సాధారణంగా వయసులో చిన్నది, ఆరోగ్యవంతమైనది. దాని ధమనిని నిర్ణీత నిమిషాలపాటే బంధిస్తారు. రోగి తరచుగా వృద్ధుడు, మధుమేహమో రక్తపోటో ఉన్నవాడు, మందులు వాడుతున్నవాడు. ఆసుపత్రికి చేరేసరికి గంటలు గడిచి ఉంటాయి.

ముగింపు

చిట్టెలుక గుండె ఈ రంగంలో స్థానం పొందినది మానవ హృదయాన్ని పోలినందువల్ల కాక, దాని జన్యువులను మార్చగలిగినందువల్ల. కనుక ఒక ప్రోటీన్ పాత్రను గురించి అది ఇచ్చే సాక్ష్యం బలమైనది. ఒక ఔషధం రోగిని కాపాడుతుందా అనే ప్రశ్నకు అదే సాక్ష్యాన్ని తీర్పుగా స్వీకరిస్తే, ఆ నమూనాను ఎంచుకున్న కారణాన్నే విస్మరించినట్లవుతుంది.