వైద్య కళాశాలలో సాహిత్య విద్యార్థి

వైద్యవిద్యలో చేరగోరేవారు ముందే జీవ, రసాయన, భౌతిక శాస్త్రాలు చదివి ఉండాలన్న పట్టింపు అమెరికాలో స్థిరపడటానికి ముఖ్య కారకుడైన అబ్రహాం ఫ్లెక్స్‌నర్ వైద్యుడు కాడు, శాస్త్రవేత్తా కాడు. గ్రీకు, లాటిన్ సాహిత్యాలు చదువుకుని లూయీవిల్‌లో బడి నడిపిన ఉపాధ్యాయుడు. అమెరికా, కెనడాలలోని 155 వైద్య కళాశాలలపై 1910లో ఆయన వెలువరించిన నివేదిక, ఫీజు కట్టినవారినల్లా చేర్చుకుంటున్న నాసిరకం సంస్థలను ఎండగట్టి, 1893లో మొదలైన జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాలను ఆదర్శంగా నిలిపింది. ఆ కళాశాల ప్రవేశానికి డిగ్రీతోపాటు ఫ్రెంచి, జర్మన్ భాషలు చదవగలగడాన్ని కూడా కోరేది. కాలక్రమంలో భాషల నియమం జారిపోయి, శాస్త్రాల నియమమే మిగిలింది.

ఆ తరువాత చరిత్ర, తత్త్వశాస్త్రం, సాహిత్యం వంటి మానవీయ శాస్త్రాల విద్యార్థులకు ప్రధానంగా అడ్డుపడింది కర్బన రసాయన శాస్త్రం. డిగ్రీ పూర్తయ్యాక ఈ లోటును పూడ్చుకునేందుకు 'పోస్ట్‌బాకలారియేట్' కోర్సులు, అంటే పట్టభద్రులకు వైద్య ప్రవేశానికి కావలసిన శాస్త్రాలను మాత్రమే బోధించే చదువులు, పుట్టుకొచ్చాయి. బ్రిన్ మార్ కళాశాల 1972లో ప్రారంభించినది వాటిలో పేరుపొందింది. అయితే ఇవి నియమాన్ని ప్రశ్నించలేదు, దానికి తగినట్టు విద్యార్థినే మలిచాయి.

నియమాన్నే సడలించి చూసింది న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్య కళాశాల. 1987లో అది మానవీయ శాస్త్రాల విద్యార్థులను డిగ్రీ మధ్యలోనే ఎంపిక చేసి, ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష నుంచి మినహాయించి, భౌతిక, కర్బన రసాయన శాస్త్రాలలో అవసరమైనంత మేరకు ఒక వేసవిలో బోధించే పద్ధతిని తెచ్చింది. ఇలా చేరిన 85 మందిని తక్కిన 606 మందితో పోల్చి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, లైసెన్సు పరీక్ష తొలి దశలో వీరి మార్కులు కొంత తగ్గినా, మొత్తం మీద వైద్యవిద్యలో వెనుకబడలేదని తేలింది. అయితే వీరంతా ఏరికోరి తెచ్చుకున్న మెరికలే గనుక, ఏ విద్యార్థికైనా శాస్త్ర పునాది అక్కరలేదని దీన్నిబట్టి తేల్చడం తొందరపాటు. రుజువైనది శాస్త్రాల నియమమనే జల్లెడ అనుకున్నంత నమ్మదగినది కాదన్నంతవరకే.

భారతదేశంలో ఈ జల్లెడ ఇంకా ముందే ఎదురవుతుంది: ఎం.బి.బి.ఎస్. ఇంటర్మీడియట్ ముగియగానే మొదలవుతుంది గనుక, తెలుగు రాష్ట్రాల విద్యార్థి పదో తరగతి దాటగానే బైపీసీకో సీఈసీకో కట్టుబడాలి. శాస్త్ర విషయాల్లో అదనపు సబ్జెక్టులుగా ఉత్తీర్ణులైనవారూ వైద్య ప్రవేశ పరీక్ష నీట్ రాయవచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023లో ప్రకటించి ఈ బిగింపును కొంత వదులు చేసినా, ఆ పరీక్షలోని 720 మార్కులూ నేటికీ భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలవే.