గౌతమి (నటి)

గౌతమి (పూర్తి పేరు తాడిమళ్ళ గౌతమి) దక్షిణ భారత చలనచిత్ర, టెలివిజన్ నటి. దుస్తుల రూపకర్తగా, కాన్సర్ వ్యాధిపై అవగాహన కల్పించే కార్యకర్తగా కూడా ఈమె ప్రసిద్ధురాలు. శ్రీకాకుళం జిల్లా నిమ్మాడలో జన్మించిన ఈమె తెలుగులో నటన ప్రారంభించినా, తమిళ చిత్రరంగంలోనే ప్రధాన కథానాయికగా స్థిరపడింది. తమిళ, తెలుగు, మలయాళ, కన్నడ, హిందీ భాషా చిత్రాలలో నటించింది. 35 సంవత్సరాల వయసులో రొమ్ము కాన్సర్‌కు గురై, చికిత్స పొంది కోలుకున్నది. ఆ అనుభవాన్ని దాచుకొనక బహిరంగంగా చెప్పిన తొలితరం దక్షిణాది నటీమణులలో ఈమె ఒకరు.

జననం, విద్య

గౌతమి 1960వ దశకం చివరలో, జూలై 2న జన్మించింది. జన్మస్థలమైన నిమ్మాడ శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మండలంలోని గ్రామం. శ్రీకాకుళం నుండి టెక్కలి వైపు జాతీయ రహదారిపై వెళ్ళేవారికి సుపరిచితమైన ఊరు. రాజకీయంగా ఈ ఊరిపేరు కేంద్ర మంత్రిగా పనిచేసిన కింజరాపు ఎర్రన్నాయుడు స్వగ్రామంగా ఎక్కువగా వినబడుతుంది. సినీనటి గౌతమి కూడా ఇక్కడే పుట్టిందన్న సంగతి జిల్లాలోనే చాలామందికి తెలియదు.

ఈమె తల్లిదండ్రులిద్దరూ వైద్యులు. విశాఖపట్నంలోని గీతం కళాశాలలో ఇంజనీరింగు చదువుతున్న కాలంలో ఈమెకు సినిమా అవకాశాలు వచ్చాయి. 1980లో స్థాపితమైన గీతం అప్పటికింకా విశ్వవిద్యాలయం కాలేదు. ఉత్తరాంధ్ర మధ్యతరగతి కుటుంబాలు తమ పిల్లలు అక్కడ సీటు సంపాదిస్తే చాలుననుకునే రోజులవి. చదువుకుంటున్న వైద్యుల ఇంటి ఆడపిల్ల చిత్రరంగానికి వెళ్ళటం అప్పట్లో సామాన్యమైన విషయం కాదు.

తెలుగు చిత్రాలు

1987లో విడుదలైన దయామయుడు చిత్రంలో ఒక చిన్న పాత్రతో గౌతమి తెరపై కనిపించింది. అదే సంవత్సరం రాజేంద్రప్రసాద్‌తో గాంధీనగర్ రెండవ వీధి చిత్రంలో నాయికగా నటించింది. కోడి రామకృష్ణ దర్శకత్వం వహించిన శ్రీనివాస కళ్యాణం (1987)లో వెంకటేష్, భానుప్రియలతో కలిసి నటించింది. తర్వాత భానుమతి ప్రధాన పాత్ర ధరించిన బామ్మమాట బంగారుబాట (1990), నాగార్జునతో చైతన్య (1991) చెప్పుకోదగినవి.

తెలుగు నిర్మాతలు ఈమెను నిలుపుకోలేకపోయారనే అనాలి. 1980, 90 దశకాలలో తెలుగు తెరపై అగ్రనాయికల స్థానాలు చాలావరకు ఇతర భాషల నుండి వచ్చినవారివే. ఆ సమయంలోనే తెలుగు మాతృభాషగా గల గౌతమి మద్రాసులో తమిళ నాయికగా పేరు తెచ్చుకున్నది. తెలుగు ప్రేక్షకులు ఈమెను ఎక్కువగా చూసినది అనువాద చిత్రాలలోనే.

తమిళంలో

ఎస్.పి.ముత్తురామన్ దర్శకత్వంలో రజనీకాంత్, ప్రభు నటించిన గురుశిష్యన్ (1988) తమిళంలో ఈమెకు గుర్తింపు తెచ్చింది. అదే సంవత్సరం రామరాజన్‌తో నటించిన ఎంగ ఊరు కావల్కారన్ ఈమెను పల్లె ప్రేక్షకులకు చేరువ చేసింది. రజనీకాంత్ సరసన రాజా చిన్న రోజా (1989), పణక్కారన్ (1990), ధర్మదురై (1991) చిత్రాలలో నటించింది.

1989లో వచ్చిన అపూర్వ సహోదరర్గళ్ చిత్రానికి దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు. కమల్ హాసన్ పొట్టివాడుగా, మెకానిక్కుగా కూడా నటించిన ఈ చిత్రం తెలుగులో విచిత్ర సోదరులు పేరుతో వచ్చింది. గౌతమి మెకానిక్కు ప్రేయసిగా నటించింది. ఇది మొదలుగా కమల్‌తో ఈమె చేసిన చిత్రాలకు ప్రత్యేక స్థానమున్నది.

వాటిలో తేవర్ మగన్ (1992, తెలుగు అనువాదం క్షత్రియ పుత్రుడు) ముఖ్యమైనది. భరతన్ దర్శకుడు. చదువు ముగించుకొని తన ఊరికి తిరిగివచ్చిన పెద్దింటి యువకుడు తన వెంట ఒక ఆంధ్ర యువతిని తీసుకువస్తాడు. ఆ యువతి పేరు భాను. నగర దుస్తులలో, పరభాషతో ఆ సంప్రదాయ గృహంలో అడుగుపెట్టే భాను పాత్రను గౌతమి ధరించింది. తమిళనాడులో తెలుగు అమ్మాయిగా నిలదొక్కుకున్న నటికి తమిళ తెరపై తెలుగు అమ్మాయి పాత్ర లభించటం విశేషం. కథానాయకుడు ఊరి కక్షల కారణంగా వేరొకరిని పెళ్ళి చేసుకొనవలసివస్తుంది, భాను మౌనంగా వెళ్ళిపోతుంది. ఈ చిత్రానికి ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది. రేవతికి ఉత్తమ సహాయనటి పురస్కారం వచ్చింది. దానితో భాను పాత్ర గురించిన చర్చ మరుగునపడింది గాని, కథలో అన్యాయం జరిగినది ఆ పాత్రకే.

పి.సి.శ్రీరామ్ దర్శకత్వం వహించిన కురుదిప్పునల్ (1995, తెలుగులో ద్రోహి) గోవింద్ నిహలానీ తీసిన హిందీ చిత్రం ద్రోహ్‌కాల్‌కు పునర్నిర్మాణం. ఇందులో గౌతమిది పోలీసు అధికారి భార్య పాత్ర. ఆ సంవత్సరం ఆస్కార్ పురస్కారాల విదేశీ చిత్ర విభాగానికి భారతదేశం ఈ చిత్రాన్నే పంపింది. ఇవన్నీ ఒక ఎత్తైతే, శంకర్ తొలి చిత్రం జెంటిల్‌మన్ (1993)లో ప్రభుదేవాతో కలిసి చేసిన రైలు పాట మరొక ఎత్తు. చిత్రంలో ఆమెకు పాత్ర లేదు. అయినా ఆ ఒక్క పాటతోనే ఈమెను గుర్తుపట్టే తెలుగువారు నేటికీ ఎందరో ఉన్నారు.

మలయాళం, ఇతర భాషలు

మలయాళంలో మోహన్‌లాల్‌తో నటించిన హిస్ హైనెస్ అబ్దుల్లా (1990) ఘనవిజయం సాధించింది. విద్యారంభం (1990), అయలత్తె అద్దేహం (1992), మమ్ముట్టితో ధ్రువం (1993) ఇతర చిత్రాలు. కన్నడంలో అంబరీష్‌తో ఏళు సుత్తిన కోటె (1988), హిందీలో మిథున్ చక్రవర్తితో ప్యార్ హువా చోరీ చోరీ చిత్రాలలో నటించింది.

1994లో వచ్చిన రెండు చిత్రాలను ఇక్కడ కలిపి చెప్పుకోవాలి. మొదటిది ఎం.టి.వాసుదేవన్ నాయర్ రచించగా హరికుమార్ దర్శకత్వం వహించిన మలయాళ చిత్రం సుకృతం. కాన్సర్‌తో మరణానికి సిద్ధపడిన పాత్రికేయుడు తన భార్యను స్నేహితునికి అప్పగించాలని ప్రయత్నిస్తాడు. తర్వాత అనుకోకుండా కోలుకొని తిరిగివచ్చేసరికి తన వారందరూ తాను లేని జీవితానికి అలవాటుపడి ఉంటారు. మమ్ముట్టి రోగిగా, గౌతమి భార్య మాలినిగా నటించారు. రెండవది కె.ఎస్.సేతుమాధవన్ దర్శకత్వంలో వచ్చిన తమిళ చిత్రం నమ్మవర్. ఇందులో అధ్యాపకుడైన కథానాయకుడు రక్త కాన్సర్ రోగి. అతనిని విడువక నిలిచే సహాధ్యాపకురాలు వసంతి పాత్రలో గౌతమి కనిపిస్తుంది. రెండు చిత్రాలూ తమ తమ భాషలలో ఉత్తమ చిత్రాలుగా జాతీయ పురస్కారాలు పొందాయి. పదేళ్ళు గడిచేసరికి అదే వ్యాధి ఈమెకే వచ్చింది.

అనారోగ్యం

1998లో ఒక వ్యాపారవేత్తతో గౌతమి వివాహం జరిగింది. వారికి ఒక కుమార్తె. మరుసటి సంవత్సరమే విడాకులు తీసుకున్నారు. నటనకు దూరంగా, చిన్నబిడ్డతో ఒంటరిగా ఉన్న ఆ కాలం తర్వాత, 35 ఏళ్ళ వయసులో ఈమెకు రొమ్ము కాన్సర్ ఉన్నట్లు తేలింది. రొమ్ములో గడ్డను మొదట కనిపెట్టినది ఏ వైద్యుడో కాదు, ఆమే స్వయంగా పరీక్షించుకొని గుర్తించింది. శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ చికిత్సలు పొంది కోలుకున్నది. ఆ రోజులలో కమల్ హాసన్ అండగా నిలిచారు. ఆ తర్వాత చాలా సంవత్సరాలు వారిరువురూ కలిసి జీవించారు.

ఈ విషయాన్ని గౌతమి పత్రికలలోను, సభలలోను ఎన్నోసార్లు చెప్పింది. దీని ప్రాముఖ్యం తెలియాలంటే వ్యాధి స్వభావం కొంత తెలియాలి. భారతీయ స్త్రీలలో నేడు అత్యధికంగా కనిపించే కాన్సర్ ఇదే. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దేశంలో ఇది సుమారు పదేళ్ళు ముందుగానే, అంటే నలభైలలోను, కొందరికి ముప్పైలలోనే వస్తున్నది. తొలిదశలో గుర్తిస్తే నయమయ్యే అవకాశాలు చాలా ఎక్కువ. మొదటి గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి లేనందువల్ల, ఇంట్లో చెప్పుకొనటానికి సిగ్గు వల్ల, పల్లెలలో చాలామంది వ్యాధి ముదిరిన తర్వాతనే ఆసుపత్రికి వెళుతున్నారు. స్వయంపరీక్ష ఒక్కటే చాలదు. కాని తన శరీరంలో వచ్చిన మార్పును తాను గమనించి, ఆలస్యం చేయక వైద్యుని వద్దకు వెళ్ళటానికి అది ఉపకరిస్తుంది. కేంద్రప్రభుత్వం 2016లో రూపొందించిన మార్గదర్శకాల ప్రకారం 30 నుండి 65 సంవత్సరాల మధ్య వయసు గల స్త్రీలకు ఐదేళ్ళకొకసారి ఆరోగ్య కార్యకర్తలు రొమ్ము పరీక్ష చేయాలి.

గౌతమి పుట్టిన జిల్లా ప్రజలు కాన్సర్ చికిత్స కోసం విశాఖపట్నం చేరటం చిరకాలంగా ఉన్నదే. టాటా స్మారక కేంద్రం ఆధ్వర్యంలో విశాఖ సమీపంలోని అగనంపూడి వద్ద హోమీ బాబా కాన్సర్ ఆసుపత్రి ఏర్పడిన తర్వాత ఉత్తరాంధ్ర రోగులకు కొంత వెసులుబాటు కలిగింది.

కాన్సర్ రోగులకు, వారి కుటుంబాలకు ధైర్యం చెప్పి తోడ్పడటానికి గౌతమి లైఫ్ ఎగైన్ ఫౌండేషన్ అనే సంస్థను స్థాపించింది. చికిత్స పూర్తయిన తర్వాతి జీవితం గురించి ఎవరూ మాట్లాడరన్నది ఈ సంస్థ పేరులోనే ఉన్న భావం. సుకృతం కథాంశం కూడా అదే.

టెలివిజన్

తొంభైల చివర ఉపగ్రహ ఛానళ్ళు విస్తరించటంతో దక్షిణాది కథానాయికలకు కొత్త మార్గం తెరుచుకున్నది. పెళ్ళి తర్వాత నాయిక పాత్రలు రానివారు ధారావాహికలలో ప్రధాన పాత్రధారిణులయ్యారు. సన్ టీవీలో రాధిక నటించిన చిత్తి తెలుగులో పిన్నిగా జెమినీలో ప్రసారమై ప్రతి ఇంటా ఆదరణ పొందింది. తెలుగులో యమున ఈటీవీ అన్వేషితతో అటువంటి పేరే సంపాదించింది. గౌతమి ఇందిర, అభిరామి అనే తమిళ ధారావాహికలలో నటించింది. అయితే రాధిక వలె టెలివిజన్‌నే ప్రధాన వృత్తిగా ఈమె చేసుకొనలేదు. 2023లో సోనీ లివ్‌లో వచ్చిన తమిళ ధారావాహిక స్టోరీ ఆఫ్ థింగ్స్‌లోనూ కనిపించింది.

దుస్తుల రూపకల్పన

కమల్ హాసన్ పది పాత్రలు ధరించిన దశావతారం (2008) చిత్రానికి గౌతమి దుస్తులు రూపొందించింది. ఒక్కొక్క పాత్రకు దేశం, కాలం, వయసు వేరు. పన్నెండవ శతాబ్దపు వైష్ణవ భక్తుడు, అమెరికా అధ్యక్షుడు, వృద్ధురాలు ఒకే నటుని శరీరంపై నమ్మదగినట్లు కనిపించాలి. మేకప్ గురించి జరిగినంత చర్చ ఈ దుస్తుల గురించి జరగలేదు. ఉన్నైపోల్ ఒరువన్ (2009, తెలుగులో ఈనాడు), మన్మదన్ అంబు (2010), విశ్వరూపం (2013) చిత్రాలకు కూడా ఈమె ఇదే బాధ్యత నిర్వహించింది.

పునఃప్రవేశం

మహేంద్రన్ దర్శకత్వం వహించిన శాసనం చాలా ఆలస్యంగా 2006లో విడుదలైంది. ఆ తర్వాత చాలా ఏళ్ళకు దృశ్యం చిత్రానికి తమిళ రూపమైన పాపనాశం (2015)లో కమల్‌కు భార్యగా గౌతమి మరల తెరపైకి వచ్చింది. 2016లో చంద్రశేఖర్ యేలేటి దర్శకత్వంలో వచ్చిన మనమంతా ఈమెకు చాలాకాలం తర్వాత తెలుగు చిత్రం. మరల మోహన్‌లాల్‌తో కలిసి ఈ చిత్రంలో నటించింది. ఆశలు చంపుకొని ఇంటిని నడుపుతున్న మధ్యతరగతి గృహిణి గాయత్రి పాత్ర ఆమెది. తెలుగులో ఆమె నటనను పూర్తిగా చూడగోరేవారు ఈ చిత్రంతోనే మొదలుపెట్టవచ్చు. 2023లో అన్నీ మంచి శకునములే, స్కంద చిత్రాలలో నటించింది.

ప్రజాజీవితం

2016 నవంబరు 1న తాను, కమల్ హాసన్ విడిపోతున్నట్లు గౌతమి తన బ్లాగులో ప్రకటించింది. కుమార్తె భవిష్యత్తు తనకు మొదటి బాధ్యత అని అందులో పేర్కొన్నది. అదే సంవత్సరం డిసెంబరులో తమిళనాడు ముఖ్యమంత్రి జయలలిత మరణించిన తర్వాత, ఆమె చికిత్స వివరాలు ప్రజలకు తెలియాలని కోరుతూ ప్రధానమంత్రికి బహిరంగ లేఖ రాసింది. 2017 ఆగస్టులో కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి సభ్యులుగా నియమితులైనవారిలో గౌతమితో పాటు జీవిత రాజశేఖర్ కూడా ఉన్నారు.

1990ల నుండి భారతీయ జనతా పార్టీతో ఈమెకు సంబంధముండేది. 2021 తమిళనాడు ఎన్నికలకు ముందు రాజపాళయం నియోజకవర్గంలో పార్టీ బాధ్యతలు చూసింది. రాజపాళయం విజయనగర కాలం తర్వాత దక్షిణానికి తరలివెళ్ళిన తెలుగు రాజుల కుటుంబాలు స్థిరపడిన పట్టణం. పొత్తులో ఆ స్థానం మిత్రపక్షానికి దక్కటంతో ఈమెకు పోటీచేసే అవకాశం లేకపోయింది. తన ఆస్తుల విషయంలో జరిగిన మోసంపై పార్టీ నుండి మద్దతు లభించలేదని తెలుపుతూ 2023 అక్టోబరులో రాజీనామా చేసింది. 2024 ఫిబ్రవరిలో అన్నా డి.ఎం.కె.లో చేరింది.