వంశావళి: కణుపు మీద కణుపు

సంస్కృతంలో ‘వంశం’ అంటే వెదురు కూడా. కణుపు మీద కణుపుగా ఎదిగే వెదురులాగే తరం మీద తరం. ‘ఆవళి’ అంటే వరుస. తెలుగు బైబిలు కొత్త నిబంధన తెరవగానే, మత్తయి సువార్త మొదటి వచనంలోనే ఈ మాట కనిపిస్తుంది.

ఒకప్పుడు కెనడా బాప్టిస్టు మిషనరీలు పనిచేసిన టెక్కలి ప్రాంతంలోనూ, పలాసలోనూ చాలామంది ఆ పేర్ల వరుసను దాటేసి క్రిస్మసు కథకు వెళ్లిపోతారు. దాటకండి. అబ్రాహాము నుంచి యేసు వరకు పద్నాలుగేసి తరాల మూడు వరుసలవి. తండ్రుల పేర్ల మధ్య తామారు, రాహాబు, రూతు ఉన్నారు. ఊరియా భార్య పేరు లేకుండానే ఉంది.

నన్ను ఆపేది రూతు. బేత్లెహేములో కరువొస్తే ఒక కుటుంబం మోయాబుకు వలసపోయింది. రూతు ఆ ఇంటి కోడలు, పరాయి దేశస్థురాలు. మగడు పోయినా అత్తను విడవలేదు, ఆమెతో బేత్లెహేముకు వచ్చి చేలలో పరిగె ఏరింది. ఇంటికొకరు వలసపోయే, పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతానికి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. మన వంశవృక్షాల్లో కోడళ్ల పేర్లు అరుదు. రూతు మాత్రం దావీదుకు ముత్తవ్వ.